ఎవరూ చూడని డెమో

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను మొదట అడిగేది ఒకటే: "మేడమ్, మిమ్మల్ని ఎన్ని కుక్కలు కరిచాయి?" ఎన్ని అని చెప్పినా వాళ్ళకు తక్కువే అనిపిస్తుంది. అందుకని మనిషిని బట్టి చెబుతాను. బెదురుతున్న పిల్ల అయితే, "కుక్క ఒక్కటీ కరవలేదమ్మా, ఒక చిలక మాత్రం కరిచింది" అంటాను. ఎగిరెగిరిపడే పిల్లాడైతే, "ఈ ఎడమ కాలు అసలుది కాదు" అంటాను. వాడు ఆ పూటంతా నా కాలు వంకే చూస్తూ, కుక్కల జోలికి పోకుండా బుద్ధిగా కూర్చుంటాడు.

కోతలు కోయడం నాకు చిన్నప్పటి నుంచీ సరదా. తర్వాత అదే నా పనిముట్టయింది. ఎలాగో ఈ ముచ్చటలోనే తెలుస్తుంది. ఇది మాత్రం జరిగిందే. కల్పించినవి ఎక్కడైనా వస్తే అక్కడే చెప్పేస్తాను. పేర్లు చెప్పను. మనుషులవీ చెప్పను, కుక్కదీ చెప్పను. దాని పరువు దానికుంటుంది.

నా పని కుక్కలకు షేక్‌హ్యాండ్ నేర్పడం కాదు. అది నేర్పేవాళ్ళు వేరే ఉన్నారు, వాళ్ళు మంచి బట్టలు వేసుకుంటారు. మీదపడి అరిచేవి, మూలకు నక్కేవి, చివరికి కరిచేవి నా దగ్గరికొచ్చేవి. హైటెక్ సిటీ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా ఈ అద్దాల మేడల మధ్య ఏ కుక్క దేనికి వణుకుతుందో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని చెప్పుకుంటాను. మిక్సీకి వణికేవి, పక్క ఫ్లాటులో గోడకు వేసే డ్రిల్లుకు వణికేవి. ఏ అంతస్తో చెప్పే లిఫ్టు గొంతుకు వణికేది ఒకటుండేది. ఇది కల్పించింది కాదు. చూసేవాళ్ళు వీటికి కోపం ఎక్కువ అంటారు. నా దగ్గరికొచ్చినవాటిలో నిజంగా కోపమున్నది అరుదు. భయమున్నవే అన్నీ.

ఒక వానాకాలం మధ్యాహ్నం ఫోనొచ్చింది. ఆడపిల్ల గొంతు.

"ఆంటీ, కరిచే కుక్కలను మీరు బాగు చేస్తారంట కదా?"

"ఆంటీ అన్నోళ్ళను నేనే కరుస్త. ఏంది బిడ్డా సంగతి?"

ఆ పిల్ల నవ్వబోయి ఏడ్చేసింది.

ఆ అమ్మాయిది కడప వైపు. సాఫ్ట్‌వేర్‌లో టెస్టింగ్ పని. నిజాంపేట హాస్టల్లో ఉన్నప్పుడు, ఆఫీసు పక్కన కడుతున్న భవనం దగ్గర సిమెంటు పైపుల మధ్య ఒక గోధుమరంగు కుక్కపిల్ల దొరికింది. హాస్టల్లో ఒప్పుకోలేదు, కూకట్‌పల్లిలో గది తీసుకుంది. అక్కడ ఇంటావిడ ఒప్పుకోలేదు, మణికొండలో ఫ్లాటు కిరాయికి తీసుకుంది. ఇప్పుడు ఇక్కడ కూడా అదే పరిస్థితి. ఈసారి తప్పు ఇంటివాళ్ళదని అనడానికి లేదు. కుక్క ఒక మనిషిని కరిచింది.

"లిఫ్టు తెరుచుకుంటానే డెలివరీ ఆయప్ప లోపలికొచ్చినాడక్కా. నెత్తిన హెల్మెట్టు, వీపున అంత పెద్ద బ్యాగు. ఇది మూలకు పోయింది. నేను నోరు తెరిచేలోపల పిక్క పట్టుకునింది."

"ముందు గుర్రుమన్నదా?"

"లేదక్కా. అదే నాకర్థం కాలా. అరవలా, ఏం చెయ్యలా. నేరుగా కరిచేసింది."

టీకాలన్నీ వేయించిన కుక్క గనుక రేబిస్ గండం తప్పింది. అతను కూడా దవాఖానకు పోయి సూదులు వేయించుకున్నాడు. కానీ అపార్ట్‌మెంటు కమిటీ ఊరుకోలేదు. ఫ్లాటు ఓనరుకు చెప్పారు, ఓనరు అమ్మాయికి చెప్పాడు: నెలాఖరులోపు కుక్క నెమ్మదించాలి, లేకపోతే కుక్కయినా పోవాలి, నువ్వయినా పోవాలి.

"కరిచిన కుక్కను ఎవరన్నా తీసుకుంటారా అక్కా?" అని అడిగింది.

జవాబు తెలుసు గనుక చెప్పలేదు. అలాంటివాటికి ఊరి బయట ఎక్కడో ఒక బోను దొరుకుతుంది. మనుషులు దాని దగ్గరికి పోరు. అది ఇంకా భయపడుతుంది, ఇంకా కరుస్తుంది. ఆ తర్వాత ఏమవుతుందో ఈ పని చేసేవాళ్ళందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

మర్నాడు వెళ్ళాను. కుక్క భోజనాల బల్ల కింద ఉంది. నేను దాన్ని చూడలేదు, పిలవలేదు. నేల మీద కూర్చుని అమ్మాయితో మాట్లాడుతూ ఓరకంట గమనించాను. నాలుకతో ముక్కు తుడుచుకుంది, తల పక్కకు తిప్పుకుంది, నిద్ర రాకుండానే ఆవలించింది. ఇదంతా కుక్కల భాషలో దండం పెట్టి వేడుకోవడం. కానీ కదిలినప్పుడు కూడా గొంతులోంచి చిన్న శబ్దమైనా రాలేదు.

"దీనికి ముందు ఎవరన్నా ట్రైనింగ్ ఇచ్చిర్రా?"

"ఇప్పించినామక్కా. అప్పుడు బాగా గుర్రుమంటా ఉండె. ఆ సారు మాన్పించినాడు."

ఆ సారు ఎవరో నాకు తెలుసు. మా రంగంలో నాకంటే పెద్దవాడు, పోలీసు కుక్కల దగ్గర పనిచేసి వచ్చినవాడు, నేను అన్నా అని పిలిచే మనిషి. మీసం మీద నిమ్మకాయ నిలబెడతాడని చెప్పుకునేవారు. నేను దగ్గరుండి చూశాను, నిలబడదు. ఆ సాయంత్రమే చాయ్ హోటల్లో పట్టుకున్నాను.

"గుర్రుమంటుండె, ఆ పిల్ల భయపడుతుండె" అన్నాడు. "మెడల గొలుసేసి జర గట్టిగ గుంజిన. బందైంది. ఇంకేం గావాలె చెల్లె?"

"కుక్కర్ విజిల్ పీకి అవతల పారేసి, వంటింట్ల సప్పుడు బందైందన్నట్టున్నదన్నా నీ ముచ్చట."

"అంటే?"

"లోపట ఆవిరి అట్లనే ఉన్నది. సప్పుడొక్కటే పోయింది. ఇగ మూతే లేస్తది."

ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "నువ్వు మాటలకు మంచిగ పనికొస్తవ్" అని లేచి వెళ్ళిపోయాడు. కోపమొచ్చిందనుకున్నాను. మర్నాడు పొద్దున్నే ఫోన్ చేశాడు: "హెల్మెట్ పెట్టుకోని దూరంగ నిలబడే మనిషి గావాలె గద నీకు. నేనొస్త." ఆయనలో ఆ గుణముంది. వాదనలో ఓడిపోయానని నోటితో ఒప్పుకోడు, వచ్చి బరువు మోస్తాడు.

పని ఎలా చేస్తామో కొంచెం చెప్పాలి. కుక్క భయపడే వస్తువును, అది చూసినా బెదరనంత దూరంలో పెడతాం. దాన్ని చూసిన వెంటనే కుక్కకు ఇష్టమైనది నోట్లో పెడతాం. మా విషయంలో అది ఉడకబెట్టిన కోడి కార్జం. హెల్మెట్ కనబడితే కార్జం వస్తుంది, హెల్మెట్ పోతే కార్జం ఆగిపోతుంది. అలా నెమ్మదిగా హెల్మెట్ అంటే కార్జం గుర్తొచ్చేదాకా చేయాలి. దూరం తగ్గించేది మనం కాదు, కుక్క. ఇదీ గాక మూతికి బుట్ట. మా ఊళ్ళో ఎడ్లకు చిక్కం కట్టేవారు చూడండి, అలాంటిదే. దాన్ని బలవంతంగా తగిలిస్తే అది జైలు. లోపల గట్టి పెరుగు పూసి, కుక్క తనంతట తానే మూతి దూర్చేలా చేస్తే అది గిన్నె. కొన్ని రోజులకు ఆ కుక్క చిక్కం చూస్తే తోకాడించేది.

కష్టమంతా అమ్మాయి చెయ్యితోనే వచ్చింది. సెల్లార్ పార్కింగులో నడిపిస్తుంటే ఎక్కడో బండి చప్పుడయ్యేది. వెంటనే బెల్టును పిడికిలికి చుట్టేసేది. బెల్టు బిగిసిందంటే కుక్కకు అర్థం ఒకటే: మా అమ్మకు కూడా భయమేస్తోంది, అంటే నిజంగానే ఏదో ఉంది. చెయ్యి వదులు చెయ్యి అని ఎన్నిసార్లన్నా, అన్నప్పుడల్లా ఇంకా బిగుసుకునేది. అలాంటప్పుడు నేను కోతలు మొదలుపెడతాను.

"మా నాయనమ్మకు ఒక బర్రె ఉండె తెల్సా? ఒకనాడు తప్పిపోయి ఔటర్ రింగు రోడ్డెక్కింది."

"బర్రెనా?"

"బర్రెనే. టోల్‌గేటు కాడ ఆపిర్రు. పైసలడిగితే ఏం జేసిందనుకున్నవ్? ఆడ్నే నిలబడి పాలు పిండిచ్చుకోని పోయింది. చిల్లర కింద వాళ్ళు గడ్డి గూడ ఇచ్చిర్రు."

"అబద్ధం! శుద్ధ అబద్ధం అక్కా!" అని నవ్వేది. అప్పటికి బండి పక్కనుంచి వెళ్ళిపోయి ఉండేది, బెల్టు వదులుగా వేలాడుతూ ఉండేది, కుక్క కార్జం నములుతూ ఉండేది. నవ్వే మనిషి పిడికిలి బిగించలేదు. కావాలంటే మీరే ప్రయత్నించి చూడండి.

అంతా బాగానే ఉందనుకుని అన్నను రంగంలోకి దింపాను. సెల్లార్ ఆ చివర హెల్మెట్ పెట్టుకుని నిలబడ్డాడు. మీసం కనబడదు, ముఖం కనబడదు. ఇక్కడే మా ఇద్దరి తెలివీ బయటపడింది. మాకు కనబడకపోతే కుక్కకూ తెలియదనుకున్నాం. గాలి అటునుంచి ఇటు వీస్తోంది. కుక్క ముక్కు ఒక్కసారి ఎగబీల్చింది. అరవలేదు, దూకలేదు. నేలకు అతుక్కుపోయి, అక్కడే తడి చేసుకుంది.

అన్న హెల్మెట్ తీసి ర్యాంపు మీద కూలబడ్డాడు.

"నన్ను జూసి ఉచ్చ పోసుకున్నది చెల్లె."

"పోనీ అన్నా. ఇంటికి పోదాం పా."

"ఇన్నొద్దులు అవన్నీ నాకు ఇజ్జత్ ఇస్తున్నయనుకున్న."

మళ్ళీ ఆ సెల్లార్‌లో అడుగు పెట్టలేదు. కానీ ఆ తర్వాత రోజూ పొద్దున్నే మా గేటు దగ్గరికొచ్చి, ఉడకబెట్టి చిన్న ముక్కలు కోసిన కార్జం డబ్బా ఇచ్చి పోయేవాడు. గొలుసు ఏం చేశాడో చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇప్పుడు హెల్మెట్ మనిషి ఇంకొకరు కావాలి. నాకు ఒక మొండి ఆలోచన వచ్చింది. కరిపించుకున్న మనిషినే వెతుక్కుంటూ పోయాను. అపార్ట్‌మెంటు ఎదురుగా బజ్జీల బండి దగ్గర దొరికాడు. వికారాబాద్ వైపు మనిషి, పెళ్ళయినవాడు, మెత్తనివాడు.

"కుక్క మేడమా మీరు?" అన్నాడు ఒక అడుగు వెనక్కి వేస్తూ.

"కుక్కనే అనుకో తమ్మీ, పర్వాలేదు."

"అక్కా, నేను కేసు పెట్టలే, లొల్లి పెట్టలే. ఇగ నన్ను ఇడిసిపెట్టుండ్రి."

"ఇప్పుడు ఆ లిఫ్టు ఎక్కుతున్నవా?"

తల అడ్డంగా ఊపాడు. "మెట్లెక్కుత. లేకుంటే కిందికొచ్చి తీస్కపొమ్మంట. అట్లంటే వాళ్ళకు కోపమొస్తది, యాప్‌ల స్టార్లు తక్కువేస్తరు. ఇంట్ల మా బిడ్డ కుక్కపిల్ల గావాలంటది. నేనేమో టీవీల కుక్క గనబడ్డా కాళ్ళు మంచం మీదికి తీసుకుంటున్న. నవ్వకుండ్రి."

నేను నవ్వలేదు. అంతవరకూ ఒక కేసనుకున్నాను, ఇవి రెండు. నా చదువంతా నాలుగు కాళ్ళవాళ్ళ గురించే అయినా, భయం ఎన్ని కాళ్ళ మీద నడిచినా భయమే కదా.

"నీ దూరం నువ్వే చెప్పు" అన్నాను. "యాడ నిలబడితే నీ గుండె మాములుగ కొట్టుకుంటదో ఆడ నిలబడు. నువ్వొద్దంటే ఆ నిమిషంలనే బంద్ చేస్త. కుక్కకు గూడ గదే మాటిచ్చిన."

బజ్జీల బండి వైపు చూశాడు. "బజ్జీలు మీరే తినిపియ్యాలె" అన్నాడు.

మొదటి పాఠానికి అతను ఎంచుకున్న దూరం ఎంతంటే, రోడ్డు దాటి అవతల ఫుట్‌పాత్ మీద నిలబడ్డాడు. కుక్క సెల్లార్‌లో ఉంది. ఒకరికొకరు కనబడనే లేదు. ఇటు కార్జం, అటు మిరపకాయ బజ్జీ. ఇద్దరూ బాగా తిన్నారు. మర్నాడు రోడ్డు దాటాడు. ఆ మర్నాడు గేటు. ఎదురుగా గుడ్లప్పగించి చూడకుండా పక్కకు తిరిగి నిలబడడం నేర్పాను. హెల్మెట్ పెట్టుకునేటప్పుడు కుక్క చూసేలా నెమ్మదిగా పెట్టుకోమన్నాను. ఉన్నట్టుండి ముఖం మాయమైపోతే ఎవరికైనా హడలే. కుక్క అతన్ని చూసేది, తల తిప్పి అమ్మాయి ముఖంలోకి చూసేది, నా కార్జం ఏదీ అన్నట్టు.

ఒక సాయంత్రం అతను రోజూ కంటే దగ్గరికి వచ్చాడు. అప్పుడు కుక్క గొంతులో సన్నగా గుర్రుమని శబ్దం. అమ్మాయి ముఖం పాలిపోయింది.

"పోయింది అక్కా. మళ్ళా మొదటికొచ్చింది."

నేను గంతులేశాను. అప్పటికి మోకాళ్ళు బాగానే ఉన్నాయి. "విజిలొచ్చింది బిడ్డా! విజిల్ మళ్ళొచ్చింది!" అందరం నాలుగడుగులు వెనక్కి తగ్గాం. కుక్క ఆగిపోయి ఆశ్చర్యంగా మా వైపు చూసింది. తను అన్న మాట విన్నారే అన్నట్టు. అతను దూరం నుంచే అన్నాడు: "అక్కా, ఇప్పుడు నాక్కూడ మంచిగనిపిచ్చింది. ముందుగాల చెప్తున్నది గద. చెప్తే నేను ఆగుత."

ఇంత చక్కగా నడుస్తున్నదాన్ని చెడగొట్టాలంటే చాలా చదువుకుని ఉండాలి. ఆ అమ్మాయి చదువుకుంది. వాళ్ళ ఆఫీసుల్లో ఎవరికి ఏ అనుమానం వచ్చినా దానికి మందు డెమో. అందరినీ కూర్చోబెట్టి పని చేసి చూపిస్తారు, చప్పట్లు కొడతారు, అనుమానం తీరిపోతుంది. నెలాఖరు దగ్గరపడేసరికి ఆత్రం ఆపుకోలేక, నాకు చెప్పకుండా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో పెట్టేసింది: ఆదివారం పొద్దున లాబీలో డెమో, అందరూ రండి. భయపడే కుక్కకు భయం తగ్గిందని నిరూపించడానికి అపార్ట్‌మెంటు మొత్తాన్ని దాని ముందు కూర్చోబెట్టడం! ఆ ఆదివారం ఏదో మామూలుగా నడిపించడానికి వచ్చిన నేను గేటు లోపల అడుగు పెట్టగానే సాంబారు వాసన తగిలింది.

"రండి రండి మేడమ్ గారూ" అని కమిటీ సెక్రటరీ ఎదురొచ్చాడు. గుంటూరు వైపు మనిషి, రిటైరైన పెద్దాయన, ఇస్త్రీ మడత నలగని లాల్చీ. "ముందు టిఫిన్ చేయండి. వడ వేడిగా ఉందండి. అందరూ ఎలాగూ వస్తున్నారు కదా అని నేనే చెప్పించాను. కాసేపట్లో మొదలుపెట్టేద్దామాండీ?"

లాబీ నిండా జనం. లిఫ్టు తలుపుకు ఎదురుగా వరసలుగా కుర్చీలు. తలుపు తెరుచుకోగానే కుక్కకు కనబడేది ఇన్ని ముఖాలు, ఇన్ని కళ్ళు, ఇన్ని ప్లేట్లు. వెంటనే అమ్మాయికి ఫోన్ చేశాను.

"దిగకు."

"అందరూ వచ్చినారా అక్కా?"

"పెండ్లికొచ్చినట్టొచ్చిర్రు."

"నేను గ్రూపులో సక్సెస్ క్రైటీరియా కూడా పెట్టినా అక్కా, ఏమేం చేస్తే పాసో..."

"దానికి చెప్పినవా? దానికి ఇంగ్లీషొస్తదా?"

ఫోన్లోంచి వినబడుతోంది: కుక్క గోళ్ళు నేల మీద టకటకలాడుతున్నాయి. అమ్మాయి కంగారుగా తిరుగుతోంటే అదీ తిరుగుతోందన్నమాట. డెమో లేదని చెప్పి అందరినీ పంపేస్తే, కుక్క ఫెయిలయిందనే రాసుకుంటారు. సోమవారానికి ఓనరు ఫోన్ వస్తుంది. దింపితే ఇన్నాళ్ళ కష్టం ఒక్క నిమిషంలో బూడిద. లాబీ అంతా ఒకసారి చూశాను. వెనక గోడ వెంబడి పొడవాటి వరండా, దాని చివర సామాన్ల లిఫ్టు. అక్కడినుంచి గేటు దాకా కుర్చీలకు బాగా ఎడం ఉంది. గేటు దగ్గర మన డెలివరీ తమ్ముడు రోజూలాగే బండి ఆపుకుని నిలబడి ఉన్నాడు.

"బిడ్డా, చిక్కం పెట్టు. సామాన్ల లిఫ్టుల దిగు. మామూలుగ వాకింగుకు పోయినట్టే గేటు దాటి బయటికి పో. ఇటు చూడకు. నేను వీళ్ళ సంగతి చూసుకుంట."

ఫోన్ పెట్టేసి చప్పట్లు కొట్టాను. "అయ్యా, అమ్మా, డెమోకు ముందు నాలుగు మాటలు చెప్పాలి. కుర్చీలన్నీ ఇటు, నోటీసు బోర్డు వైపు తిప్పండి. లిఫ్టు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటే నా ధ్యాస నిలవదు." ఇడ్లీ తిన్నవాళ్ళు ఏం చెప్పినా చేస్తారు. తిప్పారు. ఇప్పుడు వాళ్ళ వీపులు వరండాకు, నా ముఖం వరండాకు. నేను నా జీవితంలోకెల్లా పెద్ద కోత మొదలుపెట్టాను.

"గచ్చిబౌలి ఆఫీసొకదానిలో ఒక లాబ్రడార్‌కు ఐడీ కార్డిచ్చారు..."

అందరూ తలెత్తారు. అది రోజూ కార్డు గీకి లోపలికెళ్ళేదనీ, మీటింగుల్లో అందరికంటే శ్రద్ధగా వినేదనీ, మధ్యలో ఒక్కసారీ మాట్లాడకపోవడం చూసి దాన్ని టీం లీడ్‌ను చేశారనీ చెప్పాను. మొదటి నవ్వు లేచింది. దాని చేతి కింద ఉన్నవాళ్ళు ఒక్కరూ ఉద్యోగం మానలేదని, సెలవు అడిగితే తోకాడించేదని చెప్పాను. ఆ రెండో నవ్వుకు సామాన్ల లిఫ్టు తెరుచుకుంది.

అమ్మాయి బయటికొచ్చింది. పక్కన కుక్క, మూతికి చిక్కం. నా నోరు నవ్విస్తూనే ఉంది గానీ కళ్ళు ఆ బెల్టు మీదే ఉన్నాయి. వాళ్ళు వరండాలో సగం దూరం వచ్చేసరికి, ముందు వరసలో ఒకాయన చేతిలోంచి స్టీలు ప్లేటు జారింది. ఖంగుమని మోగి, గిర్రున తిరిగి, తిరిగి, ఎంతకీ ఆగదే! కుక్క రాయిలా బిగుసుకుపోయింది. చెవులు వెనక్కి, బరువంతా ముందుకాళ్ళ మీదికి. అమ్మాయి చెయ్యి బెల్టు మీద పైకి జరగడం నాకు కనబడింది. నేను మాట ఆపితే వీళ్ళు వెనక్కి తిరుగుతారు. తిరిగితే అంతా అయిపోతుంది.

"...ఆ లాబ్రడార్ రాజీనామా ఇచ్చిందండీ!" అన్నాను, ఇంకా గట్టిగా. "పక్క కంపెనీవాళ్ళు ఎక్కువ ఎముకలిస్తామన్నారు. అయినా మర్యాద గలది, నోటీసు పీరియడ్ అంతా చేసింది. తన పని ఇంకొకరికి అప్పజెప్పింది. ఎవరికో చెప్పండి?"

"ఎవరికి? ఎవరికి?" అంటున్నారు జనం.

అక్కడ అమ్మాయి కళ్ళు మూసుకుంది. ఊపిరి వదిలింది. భుజాలు దిగాయి. చెయ్యి కిందికి జారింది, బెల్టు వదులైంది. కుక్క ఆ ప్లేటు వైపు చూసింది. చూస్తూనే ఉంది. తర్వాత తల తిప్పి ఆ పిల్ల ముఖంలోకి చూసింది. చిక్కం సందులోంచి కార్జం ముక్క లోపలికెళ్ళింది.

"పిల్లికి" అన్నాను. లాబీ పగలబడి నవ్వింది. ఆ జోకు అంత బాగోలేదని నాకు తెలుసు, కానీ నా కళ్ళలో నీళ్ళు తిరగడం చూసి వాళ్ళు నేనూ నవ్వుతున్నాననుకున్నారు. గేటు దగ్గర తమ్ముడు హెల్మెట్ పెట్టుకుని, బ్యాగు వీపున వేసుకుని, పక్కకు తిరిగి నిలబడ్డాడు. కుక్క ఒక క్షణం ఆగి చూసి, దాటుకుని వెళ్ళిపోయింది.

నేను కథ మధ్యలో ఆపేశాను.

"సరేనండి, బాగుంది" అన్నాడు సెక్రటరీ కళ్ళు తుడుచుకుంటూ. "ఇక డెమో?"

"అయిపోయిందండీ."

"అదేంటండీ! మేం చూడలేదుగా!"

"మీ వెనకనుంచే వెళ్ళింది. ప్లేటు పడ్డప్పుడు అక్కడే ఉంది."

గోల లేచింది. అందులో న్యాయమైన మాట ఒకటే వచ్చింది, చంటిపిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకున్న ఒక తల్లి దగ్గరనుంచి: "మాకు చెప్పకుండా మా వెనక నడిపిస్తారా?" మూతికి చిక్కం ఉందని, దూరం ఎంతో చూపించి చెప్పాను. ఆమె తల ఊపింది గానీ ముఖం విప్పలేదు. మిగిలినవాళ్ళు సెక్యూరిటీ గదిలో కెమెరా చూడ్డానికి ఎగబడ్డారు. తెర మీద తాము ప్లేట్లు పట్టుకుని నోళ్ళు తెరిచి నవ్వడం, తమ వెనకనుంచి ఒక కుక్క బుద్ధిగా నడిచిపోవడం, రెండూ చూశారు. సెక్రటరీ రెండోసారి వేయించి చూశాడు. ఆ తర్వాత గేటు దగ్గరి తమ్ముణ్ణి లోపలికి పిలిపించాడు.

"నిన్నేగా బాబూ కరిచింది. నువ్వు చెప్పు. ఇది ఉండొచ్చంటావా?"

అతను హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నాడు. "సార్, నాకింక భయమైతే పోలే. దానిక్కూడ నేనంటే భయం పోలే. గని ఇప్పుడు నేనాగాలంటే అది చెప్తది, అదాగాలంటే నేను చెప్త. అది లిఫ్టుల ఉంటే నేను ఎక్క. నేనుంటే ఆ మేడం ఎక్కదు. గంతే సార్. ఎల్లగొడ్తే మాత్రం నాకు మంచిగనిపియ్యదు. నా వల్లనే పోయిందనిపిస్తది."

సెక్రటరీ అక్కడే నిలబడి ఫోన్లో గ్రూపులో అడిగాడు: చిక్కంతో, సామాన్ల లిఫ్టులో అయితే ఉండనివ్వచ్చా? అందరి వేళ్ళూ కదిలాయి. ఉండమన్నవాళ్ళే ఎక్కువయ్యారు. ఆ తల్లి వద్దనే నొక్కింది. ఆమె స్థానంలో ఉంటే నేనూ అదే నొక్కేదాన్నేమో. ఓనరుకు తానే చెబుతానని సెక్రటరీ మాటిచ్చి, తమ్ముడి చేతిలో ఇడ్లీ ప్లేటు పెట్టాడు.

నేనూ తమ్ముడూ బయటికొచ్చాం. అమ్మాయి ప్రహరీ పక్కన ఫుట్‌పాత్ అంచు మీద కూర్చుని ఉంది. లోపలికి రావడానికి ధైర్యం చాలలేదు. కాళ్ళ దగ్గర కుక్క పడుకుని ఉంది. తమ్ముడు తన దూరం తాను చూసుకుని అవతల కూర్చున్నాడు.

"ఏమన్నారక్కా?"

"ఉండొచ్చన్నరు బిడ్డా. నువ్వు గూడ, అది గూడ."

నా ముఖంలోకి అనుమానంగా చూసింది. "కథలు చెప్తాండావు కదా అక్కా. నన్ను నవ్వించాలని చెప్తాండావు. నిజం చెప్పు, ఎన్నాళ్ళు టైమిచ్చినారు?"

ఇన్నేళ్ళు ఎంత పెద్ద కోత కోసినా నోరెళ్ళబెట్టి విన్న మనుషులే నాకు దొరికారు. ఆ ఒక్క రోజు నిజం చెబితే నమ్మే మనిషి లేదు. ఒట్టు వేశాను. నమ్మలేదు. సెక్రటరీ పేరు చెప్పాను. నమ్మలేదు. చివరికి ఇడ్లీ నములుతున్న తమ్ముడి వైపు చూసింది.

"నిజమే మేడం" అన్నాడు. "నేను గూడ ఉండుమనే చెప్పిన."

ఆ మాటతో ముందుకు వంగి, కుక్క మెడలో ముఖం దాచుకుని ఏడ్చింది. నా మాట నమ్మని పిల్ల, కరిపించుకున్నవాడి మాట నమ్మింది. నాకు అసూయ కలగలేదని చెబితే అది ఈ ముచ్చట మొత్తంలో నేను మీకు ఆడిన ఒకే ఒక్క అబద్ధమవుతుంది.

తమ్ముడి ఫోన్ మోగింది. ఇంకో ఆర్డరు. ప్లేటు పక్కన పెట్టి లేచాడు. పక్కకు తిరిగాడు. కుక్కకు కనబడేలా హెల్మెట్ రెండు చేతులతో పైకెత్తి, నెమ్మదిగా, చాలా నెమ్మదిగా తల మీదికి దించుకున్నాడు. ముఖం మాయమైంది. కుక్క ఒక కన్ను తెరిచి చూసింది. ఎవరూ కార్జం ఇవ్వలేదు, ఇచ్చే స్థితిలో ఎవరూ లేరు. ఆ కన్ను మళ్ళీ మూసుకుంది.